బ్రిక్ గేమ్ పిచ్చి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో టీవీ కింది అరలో పదకొండు పాత బ్రిక్ గేములు, రెండు గేమ్‌బాయ్‌లు ఉంటాయి. రెండు రకాలూ చేతిలో పట్టుకుని ఆడే చిన్న వీడియో గేములే. ఎవరొచ్చినా ముందు నవ్వుతారు, తర్వాత ఒకటి చేతిలోకి తీసుకుంటారు, ఈలోగా టీ చల్లారిపోతుంది, అప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఏళ్ల తరబడి అవే ప్రశ్నలు. విజయనగరంలో చుట్టాలూ ఆఫీసువాళ్లూ అడిగినవన్నీ ఒకచోట రాసి పెడితే, ఇకమీదట ఎవరడిగినా "ఇది చదువుకో" అనేయొచ్చని నా ఆశ. వరస అంటూ ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు రాశాను.

బ్రిక్ గేమూ టెట్రిసూ ఒకటేనా?

అన్నదమ్ముల పిల్లలనుకోండి. టెట్రిస్ అసలు ఆట: పైనుంచి ఒక్కొక్కటే పడే ముక్కల్ని తిప్పి, పక్కకి జరిపి పేర్చాలి, అడ్డ వరస ఖాళీ లేకుండా నిండితే మాయమవుతుంది, గోడ పైదాకా చేరితే ఆట అయిపోతుంది. 1984లో మాస్కోలో, సోవియట్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారు చేశాడు. ఆయన వాడిన ఎలక్ట్రానికా 60 అనే కంప్యూటర్‌కి బొమ్మలు వేయడం రాదు, అక్షరాలే వస్తాయి, అందుకని బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పెట్టి గడులుగా చూపించాడు. తర్వాత వాదిమ్ గెరాసిమోవ్ అనే స్కూలు కుర్రాడు దాన్ని ఐబీఎం పీసీ మీదకి తెచ్చాడు, అక్కణ్ణుంచి ఫ్లాపీల మీద చేతులు మారి ఊళ్లు దాటింది.

బ్రిక్ గేమ్ అంటే తొంభైల్లో చైనా నుంచి వచ్చి మన జాతరల్లో, ఫ్యాన్సీ షాపుల్లో అమ్ముడైన చవక ప్లాస్టిక్ డబ్బా. అందులో పెద్ద ఆట ఇదే, చాలావరకు లైసెన్సు లేకుండా దించేసిందే. దాంతోపాటు పాము, ట్యాంకు, కారు రేసు ఉండేవి. డబ్బా మీద "9999 ఇన్ 1" అని పెద్ద అక్షరాలు. కూర్చుని లెక్కపెడితే ఇరవై ఆటలు కూడా తేలవు. ఒకే ఆటకి వేగం మార్చి, లెవెల్ మార్చి, ఒక్కోదానికి ఒక్కో నంబరు తగిలించారంతే. చిన్నప్పుడు ఒక వేసవి సెలవులన్నీ ఆ తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ చూసేద్దామని నొక్కుతూ కూర్చున్నాను. పావలా వంతు కూడా వెళ్లలేదు, బొటనవేలు మాత్రం వాచింది.

నీకు ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకుంది?

పైడితల్లమ్మ పండగలో. నేనప్పుడు అయిదో తరగతి. మావయ్య జాతరలో బేరమాడి, బేరమాడి, వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి నూరు రూపాయల లోపే కొనిపెట్టాడు. బ్యాటరీలు వేరే కొనాలి, ఆ సంగతి అమ్మినవాడు డబ్బులు తీసుకున్నాక చెప్పాడు. సాయంత్రం సిరిమాను, అంటే పూజారిని చివర కూర్చోబెట్టిన పొడుగాటి మాను, గుడి దగ్గర్నుంచి కోట వైపు మూడుసార్లు తిరుగుతుంది కదా, రెండోసారి వెళ్తున్నప్పుడు ఊరంతా చేతులెత్తి దండం పెడుతుంటే నేను తల వంచుకుని వరస నింపుతున్నాను. అమ్మమ్మ నెత్తిమీద ఒక్కటిచ్చి "ఓరి గుంటడా, ముందు అమ్మోరికి దండం ఎట్టుకోరా, ఆ డబ్బా ఎక్కడికీ పోదు" అంది. నిజమే, ఎక్కడికీ పోలేదు, అదిప్పటికీ నా దగ్గరే ఉంది.

సరే, ముక్కలు పేర్చడమేగా. అందులో అంత పట్టేసేదేముంది?

ఎక్కువమంది అడిగేది ఇదే, నేను సరిగ్గా చెప్పలేకపోయేదీ ఇదే, కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను.

మిల్లు దగ్గర లారీకి ధాన్యం బస్తాలు ఎత్తే కళాసీలని ఎప్పుడైనా నిలబడి చూశారా? మనకి పనేమీ ఉండదు, అయినా చూస్తూ ఉండిపోతాం. ఒక బస్తా అడ్డంగా, దాని పక్కన ఒకటి నిలువుగా, మూల దగ్గర చిన్న సందు మిగిలితే అందులోకి సరిగ్గా సరిపోయే బస్తా వచ్చి కూర్చున్నప్పుడు మన లోపల ఏదో సర్దుకున్నట్టు ఉంటుంది. ఈ ఆట ఆ క్షణాన్ని పట్టుకుని నిమిషానికి ఇరవైసార్లు చేతికిస్తుంది. అదీ మన చేత్తో చేయించి.

రెండోది, ఇందులో పని ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. గ్యారంబోర్డు ఆట ముగుస్తుంది, క్రికెట్ మ్యాచ్ ముగుస్తుంది, లేచి నీళ్లు తాగుతాం. ఇక్కడ ఒక వరస నిండి మాయమయ్యేసరికి పైన ఇంకో వరసలో ఒక్క గడి ఖాళీగా కనిపిస్తుంది. "ఇదొక్కటి నింపి లేస్తా" అనుకుంటాం. ఆ ఒక్కటి నింపడానికి వేసిన ముక్క ఇంకో చోట సగం పని పెడుతుంది. కథ లేదు, శత్రువు లేడు, ఆపడానికి మంచి చోటు కూడా లేదు. అన్నం పెట్టేశాను రమ్మని అమ్మ పిలిచినప్పుడు "ఒక్క నిమిషం" అనే మాట మన ఇళ్లలో ఇంత అబద్ధం అయిపోవడానికి ఈ ఆటే కారణమని నా గట్టి నమ్మకం.

మూడోది అత్యాశ. గేమ్‌బాయ్‌లో మొదటి లెవెల్‌లో ఒక వరస తీస్తే 40 పాయింట్లు, రెండు కలిపి తీస్తే 100, మూడైతే 300, నాలుగూ ఒకేసారి తీస్తే 1200. లెవెల్ పెరిగేకొద్దీ ఇవీ పెరుగుతాయి. అంటే నాలుగు వరసలు విడివిడిగా తీసినవాడికి 160, ఓపిక పట్టి ఒక్క దెబ్బలో తీసినవాడికి 1200. నాలుగు ఒకేసారి పోవాలంటే నిలువు కర్ర ముక్కే రావాలి, వేరే దారి లేదు. అందుకని పక్కన ఒక బావిలాంటి సందు వదిలేసి మిగతాదంతా కట్టుకుంటూ పోతాం, కర్ర వస్తుందని. అది రాదు. గోడ లేస్తూనే ఉంటుంది. ఇప్పుడైనా ఆ సందు మూసేసి బతికిపోదామా, ఇంకొక్క ముక్క చూద్దామా? చిట్టీ పాట పాడేవాళ్లకి, వాన పడుతుందో లేదో తెలియకుండా నారు పోసేవాళ్లకి ఈ టెన్షన్ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ పోయేది ఏమీ లేదు కాబట్టి మళ్లీ మళ్లీ ఆశపడొచ్చు, అంతే తేడా.

చివరాఖరికి ఓడిపోయినప్పుడు ఎవర్నీ తిట్టుకోవడానికి ఉండదు. ఇందాక తొందరపడి వంకర ముక్కని తప్పు చోట పడేశాం, దాని కింద ఒక గడి మూసుకుపోయింది, అక్కణ్ణుంచే కథ చెడింది అని కళ్లముందే కనిపిస్తూ ఉంటుంది. ఆ తప్పు దిద్దుకోవాలనే మళ్లీ స్టార్ట్ నొక్కుతాం. నేనైతే.

ముక్కలు ఏడే ఎందుకు?

నాలుగు గడులని అంచులు కలిసేలా అతికిస్తే వచ్చే ఆకారాలు అన్నే కాబట్టి. తిరగేసి చూస్తే ఒకటే అయ్యేవాటిని కలిపేస్తే అయిదు, తిరగేయకూడదనుకుంటే ఏడు. మా ఇంట్లో వాటికి పేర్లుండేవి: కర్ర, పెట్టె, టోపీ, రెండు కొడవళ్లు, రెండు పాములు. పజిత్నోవ్‌కి అయిదేసి గడుల ముక్కలతో ఆడే పెంటామినో అనే పజిల్ ఇష్టం. అందులో పన్నెండు ముక్కలుంటాయి, పైనుంచి పడుతుంటే కన్ను అందుకోలేదు. నాలుగు గడులకి తగ్గించాక ఆట కుదిరింది. టెట్రా అంటే గ్రీకులో నాలుగు, దానికి ఆయనకి ఇష్టమైన టెన్నిస్ కలిపి టెట్రిస్ అన్నాడు.

ఇంట్లో పిల్లలుంటే ఒక పని ఇవ్వండి. అట్టముక్క మీద ఈ ఏడు ఆకారాలూ కత్తిరించండి. మొత్తం 28 గడులు. వాటితో నాలుగు గడుల వెడల్పు, ఏడు గడుల పొడవు ఉన్న దీర్ఘచతురస్రం నింపమనండి. లెక్కకి సరిపోతుంది కదా, సాయంత్రం దాకా కూర్చుంటారు. కానీ అది ఎప్పటికీ కుదరదు. ఆ దీర్ఘచతురస్రానికి చదరంగం బల్లలా నలుపు, తెలుపు వేస్తే పద్నాలుగు నల్లవి, పద్నాలుగు తెల్లవి వస్తాయి. ఆరు ముక్కలు ఎక్కడ పెట్టినా రెండు నలుపు, రెండు తెలుపు మీద కూర్చుంటాయి. టోపీ ముక్క ఒక్కటే మూడు ఒక రంగు, ఒకటి ఇంకో రంగు తీసుకుంటుంది. అందుకే తక్కెడ ఎప్పుడూ ఒక పక్కకి మొగ్గుతుంది. నేను ఈ సంగతి తెలియకముందు ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను, మా అప్పకి తెలిసీ చెప్పలేదు.

గేమ్‌బాయ్‌కీ ఈ ఆటకీ ఏంటి సంబంధం?

గేమ్‌బాయ్ 1989 ఏప్రిల్‌లో జపాన్‌లో, జూలైలో అమెరికాలో వచ్చింది. దాన్ని తయారు చేసిన నింటెండో కంపెనీకి సొంత హీరో మారియో ఉండనే ఉన్నాడు, మామూలుగా అయితే పెట్టెతో పాటు వాడి ఆటే ఇవ్వాలి. హెంక్ రోజర్స్ అనే ఆటల వ్యాపారి అడ్డుపడ్డాడు. మగపిల్లలు కొంటే చాలనుకుంటే మారియోని ఇవ్వండి, అందరూ కొనాలంటే టెట్రిస్ ఇవ్వండి అన్నది ఆయన వాదన. అప్పటికే ఆ ఆట హక్కులు ఎవరెవరో ఎవరెవరికో అమ్మేసుకున్నారు, చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ల హక్కు మాత్రం ఎవరికీ తిన్నగా లేదు. ఆయన 1989 ఫిబ్రవరిలో టూరిస్టు వీసా మీద మాస్కో వెళ్లి, పిలవని పేరంటంగా ఎలార్గ్ అనే సర్కారు ఆఫీసు తలుపు కొట్టి, ఒప్పందం సాధించుకొచ్చాడు. మొదట్లో అమెరికాలో పెట్టె కొన్నవాళ్లకి లోపలే టెట్రిస్ దొరికింది. గేమ్‌బాయ్ టెట్రిస్ మూడున్నర కోట్ల కాపీలు పోయింది. తయారు చేసిన పజిత్నోవ్‌కి మాత్రం రాయల్టీ 1996 దాకా రాలేదు, అప్పటిదాకా హక్కు సర్కారుది.

నా ఉద్దేశంలో ఆ ఆటా ఆ మెషీనూ జాతకాలు కలిసినట్టు కలిశాయి. గేమ్‌బాయ్ తెర ఆకుపచ్చ, నాలుగే ఛాయలు, వెలుతురు దానికదే ఇవ్వదు, బొమ్మ వేగంగా కదిలితే అలికేసినట్టు అవుతుంది. పరుగెత్తే ఆటలకి అది ఇబ్బందే. గడి గడిగా దిగే ముక్కలకి ఏ ఇబ్బందీ లేదు. రంగు లేకపోయినా ఆకారం తెలుస్తుంది. అదే కాలంలో సెగా కంపెనీ గేమ్ గేర్ అని రంగుల తెరతో తెచ్చింది, చూడ్డానికి దేవకన్యలా ఉంటుంది, ఆరు పెన్సిల్ బ్యాటరీలు మూడు నుంచి అయిదు గంటల్లో తాగేస్తుంది. గేమ్‌బాయ్ నాలుగింటితో పది గంటల పైనే నెట్టుకొస్తుంది. బ్యాటరీలు నాన్నని అడిగి కొనాల్సిన వయసులో దేవకన్య మనకెందుకు?

మన వైపు గేమ్‌బాయ్‌లు ఉండేవా?

నేను చిన్నప్పుడు చూడలేదు. మా వీధిలో ఒకళ్లింట్లో టీవీకి తగిలించే క్యాసెట్ గేమ్ ఉండేది, ఆదివారం వాళ్లింట్లో సినిమా అయ్యేదాకా గుమ్మంలో కూర్చోవాలి. నా రెండు గేమ్‌బాయ్‌లూ ఉద్యోగం వచ్చాక సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి. ఒకటి తెప్పించినప్పుడు ఫొటోలో బాగానే ఉంది, పార్సిల్ విప్పితే బ్యాటరీ కారిపోయి లోపలంతా పచ్చగా తుప్పు. అమ్మినవాడు ఫోనెత్తలేదు.

ఫోన్లో ఫ్రీగా దొరుకుతుంది కదా, ఈ డబ్బాలెందుకు?

బటన్ కోసం. అద్దం మీద వేలు రాస్తే ముక్క ఎన్ని గడులు జరిగిందో కంటితో చూసి తెలుసుకోవాలి. బటన్ అయితే బొటనవేలికే తెలిసిపోతుంది, మూడు నొక్కులకి మూడు గడులు. కొన్నాళ్లకి చూపు పక్కన చూపించే తర్వాతి ముక్క మీదే ఉంటుంది, కింద పనంతా వేళ్లు చూసుకుంటాయి. కూరగాయలు తరుగుతూ కబుర్లు చెప్పే ఆడవాళ్లు చేసేది ఇదే.

రెండో కారణం ఫోన్లో మూడు ఆటలకో ప్రకటన, మధ్యలో బ్యాంకు వాళ్ల కాల్. డబ్బాకి ఎవరూ ఫోన్ చేయరు.

మూడో కారణం తిత్లీ. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఉద్దానంలో అమ్మమ్మ గారి ఊళ్లో ఉన్నాను. పొద్దున్న లేచి చూస్తే కొబ్బరిచెట్లు తలలు తెగి పడున్నాయి, జీడిమామిడి తోటలు వేళ్లతో సహా తిరగబడ్డాయి, కరెంటు స్తంభాలు రోడ్డుకి అడ్డంగా ఉన్నాయి. సిగ్నల్ లేదు, సాయంత్రానికి ఫోన్లూ చచ్చిపోయాయి. పగలంతా చెట్లు నరికి దారి చేసుకోవడం, నీళ్లు మోయడం. చీకటి పడ్డాక మాత్రం చేసేదేమీ లేదు, పెద్దవాళ్లు పోయిన చెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పిల్లలు వాళ్ల మొహాలు చూసి ఏడుపు మొదలెట్టేవారు. ట్రంకు పెట్టెలో బట్టల కింద నా పాత బ్రిక్ గేమ్ దొరికింది. రెండు పెన్సిల్ బ్యాటరీలు కావాలి. గోడ గడియారంలోది ఒకటి, చిన్న రేడియోలోది ఒకటి తీశాం. రేడియో మీద పెద్దవాళ్లు గొడవపడ్డారు, రోజుకి ఒకసారి వార్తల టైముకి తిరిగి పెడతామని ఒప్పందమైంది.

వీటి తెరకి సొంత వెలుగు ఉండదు. లాంతరు దగ్గర పెట్టుకుని డబ్బాని కొంచెం వాల్చి పట్టుకోవాలి. ఒకడు ఆడుతుంటే వెనకనుంచి ఏడుగురు తలలు పెట్టి "ఎడమకి, ఎడమకి, తిప్పు, తిప్పు" అని అరుపులు. ఆట అయిపోతే పక్కవాడికి ఇవ్వాలి. వాడు తొందరగా ఓడిపోవాలని వెనకున్నవాళ్లంతా దేవుణ్ణి మొక్కుకోవడం. ఒక్కరు ఆడే ఆటే, కానీ ఆ వారం దాన్ని ఒక్కరే ఆడింది నేనెప్పుడూ చూడలేదు.

పెద్దవాళ్లు ఆడగలరా? మా అమ్మకి ఫోన్ ఆన్ చేయడమే రాదు.

మా అమ్మమ్మ ఆడింది. అప్పటికి డెబ్బై దాటింది. మొదటి రాత్రి చూసింది, రెండో రాత్రి "ఇలాగియ్యి" అంది. తిప్పే బటన్ ఒకటి, పక్కకి జరిపేవి రెండు, ఆ మూడూ చూపిస్తే చాలు. చదవాల్సింది ఏమీ లేదు, ఏ భాషా రానక్కర్లేదు. జీవితమంతా వరికుప్పలు వేయించింది, పిడకలు పేర్చింది, ఆమెకి నేను నేర్పేదేముంది. ఒక్క గడి ఖాళీ ఉంచేది కాదు. "కాళీ ఒగ్గీకూడద్రా బావూ, ఎలకలు దూరిపోతాయి" అనేది.

కర్ర ముక్క కోసం పక్కన సందు వదలడం అన్న ఆలోచనే ఆమెకి నచ్చలేదు. వచ్చేదో రానిదో తెలియనిదాని కోసం గోడ ఎందుకు పెంచుకుంటారని ఆమె ప్రశ్న. వరస నిండితే తీసేసేది, ఇంకోటి నిండితే తీసేసేది. స్కోరు చూస్తే నవ్వొచ్చేది, కానీ ఆట మాత్రం మా అందరికంటే ఎక్కువసేపు సాగేది, వెనక క్యూలో పిల్లలు గోల పెట్టేవారు. కర్ర వస్తే దాన్ని అడ్డంగా పడుకోబెట్టేది. నాకు ప్రాణం ఉసూరుమనేది.

కర్ర కావాలన్నప్పుడే రాదు. మెషీన్ కావాలనే ఆపుతుందా?

ఆపదు. పాత ఆటల్లో ఏ ముక్క వస్తుందన్నది దాదాపు చీట్లు తీసినట్టే, తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వేసేసి తీసినట్టు. అందుకే ముప్పై ముక్కల దాకా కర్ర రాకపోవడమూ జరుగుతుంది. కొత్త టెట్రిస్‌లలో పద్ధతి మారింది: ఏడు ముక్కలూ సంచిలో వేసి, కలిపి, ఒక్కొక్కటే తీస్తారు, సంచి ఖాళీ అయ్యాకే మళ్లీ నింపుతారు. దాంతో రెండు కర్రల మధ్య మహా అయితే పన్నెండు ముక్కలు పడతాయి. న్యాయమైనదే, కాదనను. నాకు మాత్రం పాత అన్యాయమే ఇష్టం.

అసలు ఈ ఆటలో గెలవడం ఉంటుందా?

ముగింపు అంటూ పెట్టలేదు. పైగా ఎంత మొనగాడైనా ఓడక తప్పని వరస ఒకటుంది. హైడీ బర్గియల్ అనే గణిత పరిశోధకురాలు 1997లో నిరూపించింది: ఎడమ పాము, కుడి పాము మార్చి మార్చి వస్తూ ఉంటే, ఎలా పేర్చినా 70 వేల ముక్కల లోపే గోడ నెత్తికెక్కుతుంది. అలాంటి వరస మామూలుగా పడే అవకాశం లేదనుకోండి.

ఇంకో రకంగా మెషీన్నే ఓడించినవాడున్నాడు. 2023 డిసెంబర్‌లో అమెరికాలోని ఓక్లహోమాకి చెందిన 13 ఏళ్ల విల్లిస్ గిబ్సన్, టీవీకి తగిలించి ఆడే పాత నింటెండో టెట్రిస్‌లో 157వ లెవెల్ దాకా వెళ్లాడు. అక్కడ ప్రోగ్రామ్ తట్టుకోలేక బిగుసుకుపోయింది. అందులో 29వ లెవెల్‌కి చేరితే మనిషి వేళ్లు అందుకోలేవని చాలాకాలం అనుకున్నారు. ఈ కొత్త పిల్లలు బటన్ మీద ఒక బొటనవేలు ఆనించి, వెనకనుంచి మిగతా వేళ్లతో తబలా వాయించినట్టు టకటకా కొడతారు. నేను ప్రయత్నించాను. భార్య "ఏమైంది" అని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

కళ్లు మూసుకున్నా ముక్కలు రాలుతున్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

అక్కర్లేదు, చాలామందికి వస్తుంది, దానికి టెట్రిస్ ఎఫెక్ట్ అని పేరు కూడా ఉంది. 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే ఆయన, తోటివాళ్లు కలిసి కొందరిచేత మూడు రోజులు ఈ ఆట ఆడించి, నిద్రలోకి జారుకునేటప్పుడు ఏం కనిపిస్తోందో అడిగారు. రాలే ముక్కలు కనిపించాయని చాలామంది చెప్పారు. వాళ్లలో మెదడు దెబ్బతిని కొత్త జ్ఞాపకాలు నిలవనివాళ్లూ ఉన్నారు. ఆట ఆడినట్టే వాళ్లకి గుర్తులేదు, ముక్కలు మాత్రం కనిపించాయి.

నాకు నిద్రలో కంటే బజార్లో ఎక్కువ. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ముందున్న ఆటోకీ లారీకీ మధ్య సందులో ఏ ముక్క పడుతుందో చూస్తాను. ఆర్టీసీ బస్సులో సీటు కింద సామాను సర్దే పని మా ఇంట్లో నాకే ఇస్తారు, అందుకు అభ్యంతరం లేదు.

ఈ జాతి ఆటల్లో ఇంకేం బాగుంటాయి?

కాలమ్స్ అని ఉంది, గేమ్ గేర్‌తో వచ్చేది, మూడు రత్నాల కడ్డీలు దిగుతాయి, ఒకే రంగు మూడు కలిస్తే పోతాయి. చూడ్డానికి అందం, నాకు పది నిమిషాల్లో విసుగు. డాక్టర్ మారియో 1990లో వచ్చింది, మాత్రలతో క్రిములని చంపాలి, మా పాపకి అదే ఇష్టం. పుయో పుయో ఇద్దరు ఆడితేనే మజా. 2004లో సోనీ వాళ్ల పీఎస్‌పీ అనే చేతి గేముతో వచ్చిన లూమినెస్‌లో పాట తాళానికి గడులు మాయమవుతాయి, రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడితే తెల్లవారిపోతుంది, జాగ్రత్త.

గేమ్‌బాయ్‌లో వచ్చే ఆ పాట ఏంటి?

రష్యన్ జానపదం, పేరు కొరొబేనికి. ఊరూరా తిరిగి సరుకులమ్ముకునేవాడికీ ఒక అమ్మాయికీ మధ్య బేరం, అది కాస్తా ప్రేమ. జాతరలో మావయ్య చేసిన బేరంలో ప్రేమ లేదు గానీ ట్యూన్ సరిపోతుంది.

పిల్లలకి ఇవ్వొచ్చా? చదువు పాడవుతుందేమో.

ఇవ్వండి. దానికి ఇంటర్నెట్ లేదు, కొనమని అడిగేది లేదు. ఆట ఆపాల్సిన టైముకి బ్యాటరీ పీకేస్తే సరి. తెలివి పెరుగుతుందని మాత్రం ఇవ్వకండి, నేను ఇన్నేళ్లు ఆడాను, నన్ను చూడండి.

తెర మీద కొన్ని గీతలు రావట్లేదు, బటన్ పట్టట్లేదు. బాగవుతుందా?

చాలావరకు అవుతుంది. బ్రిక్ గేమ్ తెరలో పది గడుల అడ్డం, ఇరవై గడుల నిలువు, మొత్తం 200 గడులు అద్దంలోనే ముందే అచ్చు వేసి ఉంటాయి. కరెంటు అందినది నల్లబడుతుంది, అంతే. పక్కనుంచి చూస్తే ఖాళీ గడులు కూడా లీలగా కనిపించేది అందుకే. చాలావాటిలో ఆ కరెంటుని బోర్డు నుంచి అద్దానికి చేర్చేది ఒక సన్నటి రబ్బరు పట్టీ. మన సముద్రపు గాలికి అక్కడ చెమ్మ, మురికి చేరి ఒక వరసకి వరసే మాయమవుతుంది. స్క్రూలు విప్పి, పట్టీ రెండు అంచులూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక తిన్నగా కూర్చోబెట్టి బిగించండి. బటన్ల కింద నల్లటి రబ్బరు గుండీలుంటాయి, వాటికీ అదే వైద్యం, గట్టిగా రుద్దితే నలుపు ఊడిపోతుంది. బ్యాటరీ కారి తెల్లగానో పచ్చగానో పట్టిన చోట నిమ్మరసం అద్దిన పుల్లతో గీకి, తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. ఇవన్నీ బ్యాటరీలు తీశాకే చేయండి. ఆడనప్పుడు ఎప్పుడూ బ్యాటరీలు తీసే ఉంచండి, నా దగ్గర చచ్చిన వాటిలో సగం బ్యాటరీ కారే చచ్చాయి.

పాతది కొనేటప్పుడు ఏం చూడాలి?

బ్యాటరీ మూత ఉందో లేదో. లేకపోతే ఇంత బేరం తగ్గించండి, రబ్బరు బ్యాండ్ వేసుకుని ఆడుకోవచ్చు. స్ప్రింగుల మీద తుప్పు. ఆన్ చేయగానే అన్ని గడులూ ఒకసారి నల్లబడి మళ్లీ మామూలవుతాయి, అప్పుడే ఏ వరస చచ్చిందో తెలిసిపోతుంది, ఆ ఒక్క క్షణం అమ్మేవాడితో మాట్లాడకండి.

శబ్దం ఆపడం ఎలా?

చాలావాటిలో సౌండ్ బటన్ ఉంటుంది. లేకపోతే స్పీకర్ మీద ప్లాస్టర్ ముక్క. కాపురాలు నిలబడతాయి.

నీ హైస్కోరు ఎంత?

తొంభై ఏడు వేల చిల్లర, తిత్లీ వచ్చిన ఆరో రాత్రి, లాంతరు వెలుగులో. సాక్షులు పదిమందికి పైనే ఉన్నారు, కానీ మెషీన్‌లో లేదు. ఆ డబ్బాలకి సొంత జ్ఞాపకం ఉండదు, బ్యాటరీ తీస్తే స్కోరు సున్నా. వార్తల టైముకి రేడియోలో బ్యాటరీ పెట్టడానికి తీసినప్పుడల్లా పోయేది కాబట్టి, ఆ రాత్రి మాత్రం తీయొద్దని పిల్లలంతా నా పక్షాన నిలబడ్డారు, వార్తలు పక్కింటివాళ్ల దగ్గర వినొచ్చని పెద్దవాళ్లనీ ఒప్పించారు. అలా రెండు రోజులు దాచుకున్నాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫ్యాన్ తిరిగింది. ఊరంతా ఒకటే కేక, నేనూ వీధిలోకి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి అమ్మమ్మ స్టూలెక్కి, గేములోంచి తీసిన బ్యాటరీ గడియారంలో వేసి, ముల్లు తిప్పుతూ "ఒరే, టైమెంతైందిరా?" అని అడుగుతోంది.